అటకకు గాలి ఆడుతోందా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల పైకప్పు లీకుల మీద రాసినప్పటి నుంచి అటక గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను, పేర్లు తీసేశాను. ఇక్కడ అటక అంటే గదిలో సామాన్లు పెట్టుకునే చెక్క అర కాదు, ఏటవాలు కప్పుకీ గది సీలింగుకీ మధ్య ఉండే ఖాళీ. చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి ఎవరూ తొంగి చూడని చోటు అది.

ప్రశ్న: మాది ఏటవాలు కప్పు ఇల్లు. ఎండాకాలం వచ్చిందంటే పై గదులు రాత్రి పది దాటినా సెగలు కక్కుతూనే ఉంటాయి. కప్పు వాలులు కలిసే కొప్పు మీద గాలికి తిరిగే టర్బో వెంటిలేటర్ ఒకటి పెట్టేస్తే వేడంతా లాగేస్తుందని మేస్త్రి అంటున్నారు. పెట్టించమంటారా?

జవాబు: పెట్టించే ముందు ఒక పని చేయండి. బయటికి వచ్చి చూరు కింద నిలబడి పైకి చూడండి. గోడకీ కప్పు అంచుకీ మధ్య గాలి లోపలికి వెళ్లే సందు గానీ, జాలీ గానీ, కన్నాలున్న పలక గానీ ఏమైనా కనిపిస్తోందా? చాలా ఇళ్లలో అక్కడ అందంగా చెక్క కొట్టేసి, పైన రంగు వేసేసి, ఉన్న సందు కాస్తా సిమెంటుతో మూసేసి ఉంటారు. అలా ఉంటే టర్బో పెట్టినా పెట్టకపోయినా పెద్ద తేడా ఉండదు. నూనె డబ్బాకి ఒకే చిల్లు పెట్టి వంచితే ఏమవుతుందో తెలుసు కదా, బుడుక్కు బుడుక్కుమంటుందే గానీ ధార రాదు, రెండో పక్క ఇంకో చిల్లు పెడితేనే వస్తుంది. అటకా అంతే. వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, నిజమే, కానీ అది పోవాలంటే దాని చోటులోకి కింద నుంచి కొత్త గాలి రావాలి. అందుకే గాలి లోపలికి వచ్చే దారి చూరు దగ్గర, బయటికి పోయే దారి కొప్పు దగ్గర ఉండాలి. రెండింటి మధ్య ఎత్తు తేడా ఎంత ఎక్కువైతే లాగుడు అంత బాగుంటుంది. బయట గాలి వీస్తే ఇంకా మేలు, వీయకపోయినా ఎండలో ఈ పని దానంతటదే జరుగుతుంది, కరెంటు అక్కర్లేదు.

కింద దారి లేకుండా పైన మాత్రం లాగే ఏర్పాటు పెడితే ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుంది? మీ గదుల్లోంచే. ఫ్యాన్ కొక్కేల చుట్టూ, లైటు కన్నాల చుట్టూ, అటక మూత అంచుల్లోంచి వస్తుంది. ఏసీ వేసుకుని చల్లబరుచుకున్న గాలిని మీరే కప్పు మీద నుంచి బయటికి పంపుకుంటున్నట్టు లెక్క.

ఇక రెండో విషయం, ఇది మేస్త్రీలు చెప్పరు, వెంట్లు (గాలి దారికి పెట్టే జాలీ కన్నాలు) అమ్మేవాళ్లు అసలే చెప్పరు. వెంటిలేషన్ వల్ల అటకలోని గాలి చల్లబడుతుంది గానీ, కప్పు అడుగు నుంచి దిగే సెగ ఆగదు. ముదురు రంగు కప్పు నడి ఎండలో 70 డిగ్రీల సెల్సియస్ దాకా కాలుతుంది. అంత కాలిన కప్పు అడుగు భాగం నుంచి వేడి నేరుగా కిరణాలుగా సీలింగు మీద పడుతుంది, మధ్యలో గాలి ఎంత చల్లగా ఉన్నా సరే. దాన్ని ఆపాలంటే సీలింగు పైన ఇన్సులేషన్ (గ్లాస్‌వూల్, రాక్‌వూల్ లాంటివి) పరవాలి, లేదా వాసాల అడుగున అల్యూమినియం రేకు అంటించిన షీటు కట్టాలి, లేదా కప్పుకే ఎండను తిప్పికొట్టే తెల్ల పూత వేయాలి. రేకు కడితే మెరిసే వైపు ఖాళీ వైపుకి ఉండాలని గుర్తుంచుకోండి. దాన్ని దేనికైనా ఆనించి అంటించేస్తే మెరుపు ఎందుకూ పనికిరాదు. అటక నేల మీద పరిచినా దుమ్ము పట్టి కొన్నాళ్లకే గుణం పోతుంది.

కాబట్టి మీ ఇంటి వరకూ నా వరస ఇది. ముందు సీలింగు సందులు మూయండి, తరవాత ఇన్సులేషన్, తరవాత చూరు దగ్గర దారి, ఆఖరున కొప్పు దగ్గర దారి. ఆ కొప్పు దగ్గరది టర్బో అయినా సరే, కొప్పు పొడవునా ఉండే మామూలు వెంట్ అయినా సరే. నన్నడిగితే రెండోదే. తిరిగే భాగాలు లేవు, కిర్రుమనదు, బేరింగు పోదు.

ప్రశ్న: ఎంత వెంట్ కావాలో లెక్క ఏమైనా ఉందా? ఒకరు రెండు పెట్టమంటారు, ఒకరు ఆరు పెట్టమంటారు.

జవాబు: ఉంది. వెంట్లు ఎన్ని అని కాదు, గాలి పోవడానికి మొత్తం ఎంత ఖాళీ ఉంది అని చూడాలి. అటక నేల వైశాల్యంలో 300లో ఒక వంతు, పైనా కిందా దారి సమంగా పంచడం కుదరకపోతే 150లో ఒక వంతు. ఈ 300 లెక్క 1942లో అమెరికా ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ నిబంధనల్లో చేరింది, అక్కడి నుంచి మిగతా నియమావళుల్లోకి పాకింది. ఇదేమీ ప్రకృతి సూత్రం కాదు, ఏదో ఒక కొలత ఉండాలి కాబట్టి పెట్టుకున్న కొలత. అయినా పనికొస్తుంది.

మీ అటక 30 అడుగులు పొడవు, 30 అడుగులు వెడల్పు అనుకుందాం. 900 చదరపు అడుగులు. 300తో భాగిస్తే 3 చదరపు అడుగులు. అందులో సగం, అంటే ఒకటిన్నర చదరపు అడుగు, చూరు దగ్గర. మిగతా సగం కొప్పు దగ్గర. తేడా రావాల్సి వస్తే కిందే ఎక్కువ ఉండనివ్వండి, పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే మళ్లీ ఇంట్లో గాలినే లాగుతుంది.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న వెంట్ కొని, చదరపు అడుగు వచ్చిందనుకుంటారు. దానికి అడ్డంగా ఉన్న పలకలు, వెనక ఉన్న దోమల జాలీ తీసేస్తే గాలికి మిగిలేది సగమే ఉండవచ్చు. డబ్బా మీద నికరంగా ఎంత ఖాళీయో రాసి ఉంటే ఆ అంకె తీసుకోండి, రాసి లేకపోతే సగం కింద లెక్క కట్టండి. పై ఉదాహరణలో చూరు వైపు ఒకటిన్నర నికరంగా రావాలంటే, జాలీతో కలిపి మూడు చదరపు అడుగుల కన్నం కావాలి. భయపడకండి, ఇది వినడానికే పెద్దది. రెండు వైపులా 30 అడుగుల చూరు పొడవునా ముప్పాతిక అంగుళం సందు వదిలితే ఆ లెక్క దాటిపోతుంది. అందుకే అక్కడక్కడా నాలుగు పెద్ద కన్నాల కంటే పొడవునా సన్న సందు మేలంటాను. మూలలకి కూడా గాలి తగులుతుంది.

ప్రశ్న: చలికాలం వస్తే పొద్దున్నే సీలింగు మీద మచ్చలు కనిపిస్తున్నాయండీ. వాన చుక్క లేదు. కప్పు రెండుసార్లు బాగు చేయించాం, పెంకులు కూడా మార్చాం. అయినా వస్తున్నాయి. అసలు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో అర్థం కాక టెన్షన్‌గా ఉంది.

జవాబు: కప్పు వాళ్లకి ఇంక డబ్బులు ఇవ్వకండి. ఆ నీళ్లు పైనుంచి రావడం లేదు, మీ ఇంట్లోంచే వెళ్తున్నాయి.

వంట, స్నానం, ఉతికిన బట్టలు, మన ఊపిరి, కుండీల్లో మొక్కలు... నలుగురున్న ఇంట్లో రోజుకి పది లీటర్ల నీళ్ల దాకా ఆవిరై గాలిలో కలుస్తాయి. ఆ గాలి వెచ్చగా ఉంటుంది కాబట్టి పైకి పోతుంది, సీలింగులో ఏ సందు దొరికినా అటకలోకి ఎక్కుతుంది. 25 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల ఆవిరిని మోయగలదు. అదే గాలి 5 డిగ్రీలకి చల్లబడితే 7 గ్రాములే మోస్తుంది. మిగతాది ఏమైపోతుంది? దొరికిన చల్లటి వస్తువు మీద నీళ్లయి కూర్చుంటుంది. చలి రాత్రి ఆకాశం నిర్మలంగా ఉంటే కప్పు బయట గాలి కంటే కూడా చల్లబడుతుంది, కాబట్టి కప్పు అడుగే ఆ చల్లటి వస్తువు.

ఇది నిజమో కాదో మీరే చూసుకోవచ్చు. బాగా చలిగా ఉన్న ఒక పొద్దున, ఎండ ఎక్కకముందు, టార్చి పట్టుకుని అటక మూత తీసి తల లోపల పెట్టండి. కప్పు చెక్కలోంచి కిందికి పొడుచుకు వచ్చిన మేకుల మొనలు చూడండి. చెక్క కంటే ఇనుము తొందరగా చల్లబడుతుంది కాబట్టి చెమ్మ ముందు అక్కడే పడుతుంది. ప్రతి మొన చివరా ఒక చిన్న నీటి బొట్టు వేలాడుతూ ఉంటే, లేదా మొనలన్నీ తుప్పు పట్టి, ప్రతి దాని చుట్టూ చెక్క మీద నల్లటి గుండ్రటి మరక ఉంటే, ఇంక వేరే పరీక్ష అక్కర్లేదు. వాటికి సరిగ్గా కింద ఇన్సులేషన్ మీదో, సీలింగు బోర్డు మీదో చుక్కల వరస కనిపిస్తుంది. నిజమైన లీకు అలా ఉండదు. అది ఒకచోట మొదలవుతుంది, వాన పడ్డాకే వస్తుంది, ఎండితే అంచు గోధుమ రంగులో గీతలా మిగులుతుంది. చెమ్మ అలా కాక పలుచగా అంతటా పరుచుకుంటుంది, ఎండ తగలని వైపు ఎక్కువ ఉంటుంది.

ఒక స్క్రూడ్రైవరు తీసుకుని నల్లబడిన చోట వాసాన్ని పొడవండి. గట్టిగా ఉంటే పరవాలేదు, సమయం ఉంది. మెత్తగా లోపలికి దిగితే కుళ్లు మొదలైందని అర్థం, వడ్రంగిని పిలవండి. చెక్కలో తేమ 20 శాతం లోపు ఉన్నంత కాలం కుళ్లు పట్టదు, తేమ కొలిచే చిన్న మీటరు పిన్నులు గుచ్చితే చెప్పేస్తుంది.

ఇప్పుడు మందు. స్నానాల గది ఎగ్జాస్ట్ ఫ్యాను గొట్టం ఎక్కడికి పోతోందో ముందు చూడండి. చాలా ఇళ్లలో అది బయటికి పోదు. సీలింగు పైన అటకలో తెరిచి వదిలేసి ఉంటుంది, పని చేసినవాడికి కప్పుకి కన్నం పెట్టడం బద్ధకం. స్నానం చేసినప్పుడల్లా ఆ ఆవిరంతా తిన్నగా మీ వాసాల మీదికే. వంటింటి చిమ్నీ కూడా అంతే, దాంట్లో జిడ్డు కూడా ఉంటుంది కాబట్టి అగ్గికి కూడా భయపడాలి. రెండింటినీ కప్పు దాటించి గానీ గోడ దాటించి గానీ బయటికి తియ్యండి, చూరు జాలీ పక్కనే వదిలితే మాత్రం అదే ఆవిరి తిరిగి లోపలికి లాగబడుతుంది. తరవాత సీలింగు సందులు మూయించండి. ఈ రెండూ అయ్యాకే వెంట్ల సంగతి. ఆవిరి అంతంత ఎక్కుతూ ఉంటే ఎన్ని వెంట్లు పెట్టినా చాలవు.

సందులు ఎక్కడున్నాయో తెలియాలంటే అగరబత్తి వెలిగించి, కింద గదిలోనే ఉండి, అటక మూత అంచుల దగ్గర, లైట్ల దగ్గర పట్టుకోండి. పొగ నిటారుగా లేచి చెదిరితే సరే, ఒక చోట వంగి సర్రున పైకి దూరిపోతే అదే సందు.

ప్రశ్న: అటకకి కరెంటు ఫ్యాను పెట్టించేద్దామనుకుంటున్నా. థర్మోస్టాట్ ఉంటుందట, వేడి పెరగగానే దానంతటదే తిరుగుతుందట. సోలార్‌ది అయితే ఖర్చు కూడా ఉండదు కదా?

జవాబు: నేనైతే వద్దంటాను, ఎందుకో చెప్తాను. ఫ్యాను బలంగా లాగుతుంది, చూరు దగ్గర అంత గాలి ఇచ్చే దారి చాలా ఇళ్లలో ఉండదు. మిగతాది ఇంట్లోంచి లాగుతుంది. సోలార్ ప్యానెలు దాని కరెంటు అది చేసుకుంటుంది, సరే, కానీ అది లాగేసిన చల్లటి గాలికి మీ ఏసీ మళ్లీ పని చేయాలి కదా, ఆ బిల్లు ఎవరిది?

దీనికంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఇంట్లో గ్యాసు గీజరో, పొగ గొట్టం ఉన్న ఇంకేదైనా పొయ్యో ఉంటే, ఫ్యాను లాగుడుకి ఆ గొట్టంలో పొగ పైకి పోవాల్సింది పోయి వెనక్కి తిరిగి గదిలోకి రావచ్చు. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు, మనిషికి తెలిసే లోపే స్పృహ పోతుంది. అలాంటి ఇంట్లో ఈ ఫ్యాను పెట్టనే పెట్టకండి. ఇప్పటికే పెట్టేసి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అలారం ఈ రోజే కొని తగిలించండి.

సాయంత్రం చల్లబడ్డాక కిటికీలు తెరిచి, ఇంటి గాలి మొత్తాన్ని అటక గుండా బయటికి తోసే పెద్ద ఫ్యాను వేరు. దాన్ని మనమే కావాలని వేసుకుంటాం, కిటికీలు తెరిచి ఉంటాయి. అది మంచిదే, కాకపోతే అది తోసే గాలికి సరిపడా పెద్ద వెంట్లు ఉండాలి, నిమిషానికి ప్రతి 750 ఘనపుటడుగులకి ఒక చదరపు అడుగు నికర ఖాళీ చొప్పున.

ప్రశ్న: పోయిన ఏడాది అటకలో ఇన్సులేషన్ మందంగా వేయించాం. వేడి తగ్గింది, సంతోషం. కానీ ఈ మధ్య అటక తెరిస్తే ముక్కిపోయిన వాసన. అంతకుముందు లేదు.

జవాబు: చూరు దారి మూసుకుపోయింది, అంతే. ఇన్సులేషన్ వేసేవాళ్లు మూల మూలకీ కుక్కి నింపడమే మంచి పని అనుకుంటారు. కప్పు వాలుగా దిగి గోడ మీద కూర్చునే ఆ ఇరుకు మూల ఉంది చూశారూ, అక్కడే గాలి లోపలికి వచ్చేది, అక్కడే వాళ్లు కుక్కేది. బయట నుంచి చూస్తే జాలీ శుభ్రంగా కనిపిస్తుంది కాబట్టి మీకు అనుమానం రాదు.

పట్టపగలు అటకలో లైటు ఆపేసి ఒక నిమిషం కళ్లు అలవాటు పడనిచ్చి చూరు వైపు చూడండి. వెలుతురు గీతలు కనిపిస్తే దారి ఉంది. చీకటిగా ఉంటే లేదు. ఆ మూలల్లో ఇన్సులేషన్‌ని వెనక్కి లాగి, వాసాల మధ్య కప్పు అడుగున ప్లాస్టిక్ పలకో, థర్మోకోల్ పలకో, గట్టి అట్టో బిగించాలి, పలకకీ కప్పుకీ మధ్య కనీసం ఒక అంగుళం, వీలైతే రెండంగుళాలు ఖాళీ ఉండేట్టు. ఆ పలక ఇన్సులేషన్ పైకప్పు దాకా మూలని మూసేయకుండా ఆపుతుంది, పైగా చూరులోంచి వచ్చే గాలి ఆ ఇన్సులేషన్ దూది లోపలికి దూరి దాని పనితనం చెడగొట్టకుండా కూడా చూస్తుంది. ఒక పూట పని. ఇన్సులేషన్ తడిసి ఉంటే మాత్రం ఆ మేరకు తీసి పారేసి కొత్తది వేయించండి, తడిసిన దూది ఆరినా ముందులా ఉండదు.

ప్రశ్న: చలికాలంలో వెంట్లు మూసేస్తే ఇల్లు వెచ్చగా ఉంటుంది కదా?

జవాబు: ఉండదు. ఇంటిని వెచ్చగా ఉంచేది సీలింగు పైన ఉన్న ఇన్సులేషన్. అటక చల్లగానే ఉండాలి. మూసేస్తే పైన చెప్పిన మేకుల మొనల కథ మొదలవుతుంది.

ప్రశ్న: మేం ఉండే చోట మంచు బాగా పడుతుంది. కప్పు అంచున ఐసు గడ్డకట్టి గోడల వెంట నీళ్లు లోపలికి దిగుతున్నాయి. గట్టర్లు శుభ్రం చేయించినా లాభం లేదు.

జవాబు: గట్టర్ల తప్పు కాదండీ. ఇంట్లో వేడి అటకలోకి ఎక్కి కప్పుని అడుగు నుంచి వెచ్చబరుస్తోంది, కప్పు మీద మంచు కరిగి కిందికి జారుతోంది, చూరు దగ్గరికి వచ్చేసరికి కింద వెచ్చని ఇల్లు లేదు కాబట్టి మళ్లీ గడ్డ కడుతోంది. అక్కడ గట్టులా పెరిగిన ఐసు వెనక నీళ్లు నిలిచి, పెంకుల కింద నుంచి వెనక్కి ఎక్కుతున్నాయి. ఎదురింటి కప్పు మీద మంచు అలాగే ఉండి మీ కప్పు మీద మాత్రం మచ్చలు మచ్చలుగా కరిగిపోయిందంటే, ఆ మచ్చల కింద సీలింగులో వేడి కారుతోందని అర్థం. సందులు మూసి, ఇన్సులేషన్ పెంచి, చూరు నుంచి కొప్పు దాకా గాలి దారి ఉంచితే కప్పు అంతా ఒకే చల్లదనంలో ఉంటుంది. గొడ్డలితో ఐసు కొట్టే పని పెట్టుకోకండి, కప్పు పగులుతుంది, మీరూ జారతారు.

ప్రశ్న: మాది కాంక్రీట్ స్లాబు. కింద ఫాల్స్ సీలింగ్ చేయించాం. ఆ మధ్య ఖాళీకి వెంట్లు పెడితే గది చల్లబడుతుందా?

జవాబు: పెద్దగా లాభం ఉండదు. ఆ ఖాళీ ఆరంగుళాలో, అడుగో ఉంటుంది, బల్లపరుపుగా ఉంటుంది. ఎత్తు తేడా లేనప్పుడు గాలి తనంతట తాను లేచి పోదు. పైగా స్లాబు పగలంతా వేడి తాగి రాత్రంతా కక్కుతుంది, అది కిరణాల వేడే ఎక్కువ. మీరు ఖర్చు పెట్టాల్సింది స్లాబు పైన, ఎండ తగిలే వైపు. తెల్లటి పూత వేయండి, లేదా ఇన్సులేషన్ పలకలు పరిచి పైన టైల్సు వేయించండి. నీడ పడేలా పైన రేకుల పందిరి వేసి చుట్టూ తెరిచి ఉంచినా బ్రహ్మాండంగా పని చేస్తుంది, అప్పుడు ఆ పందిరికీ స్లాబుకీ మధ్య గాలి ఆడుతుంది కూడా.

ప్రశ్న: వెంట్లు పెడితే ఎలుకలు, పక్షులు, గబ్బిలాలు దూరతాయని మా ఇంట్లో ఒప్పుకోవడం లేదు.

జవాబు: జాలీ లేకుండా పెడితే దూరతాయి, వాళ్ల భయం నిజమే. పావు అంగుళం కంటే పెద్ద కన్నాలు లేని ఇనుప జాలీ వేయించండి, ప్లాస్టిక్‌ది ఎలుక ఒక్క రాత్రిలో కొరికేస్తుంది. మరీ సన్నటి దోమల జాలీ అయితే దుమ్ముతో, బూజుతో పూడుకుపోతుంది, ఏడాదికోసారి బ్రష్షుతో దులపాలి. గబ్బిలాలో, ఉడుతలో ఇప్పటికే లోపల ఉంటే, అవి ఉండగా మూసేయకండి. పిల్లలు లోపల చిక్కుకుంటే చచ్చి వాసన వస్తుంది, తల్లి గోడ గీకి ఇంకో కన్నం చేస్తుంది. పిల్లలు ఎగిరే దాకా ఆగి, అన్నీ బయటికి వెళ్లాయని చూసుకుని మూయండి.

వాన ఈదురుగాలితో పక్క నుంచి కొట్టే చోట, పక్క గోడల మీద ముక్కోణపు భాగంలో పెట్టే వెంట్లలోంచి జల్లు లోపలికి వస్తుంది. అక్కడ చూరు కింద, కొప్పు మీద పెట్టేవే నయం. అసలు కొప్పు వెంట్ ఉన్న ఇంట్లో ఆ పక్క గోడ వెంట్లు మూసేయడమే మంచిది. మూయకపోతే గాలి కింద నుంచి రాకుండా పక్క గోడలోంచి అడ్డదారిన వచ్చి కొప్పులోంచి పోతుంది, కింది సగం అలాగే ఉడుకుతూ ఉంటుంది.

ప్రశ్న: మా కప్పు పాత ఆస్బెస్టాస్ రేకులది. డ్రిల్లుతో కన్నాలు పెట్టి వెంట్లు బిగించుకోవచ్చా?

జవాబు: వద్దు. కోయకండి, తొలవకండి, గీకకండి. ఆ దుమ్ములోని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరవాత క్యాన్సర్ తేవచ్చు. రేకులు మార్చేటప్పుడే వెంట్ల ఏర్పాటు చేసుకోండి, తీయడం కూడా ఆ పని తెలిసినవాళ్లతోనే, తడిపి, ముక్కలు చేయకుండా తీయించాలి.

ప్రశ్న: ఇంకొకాయన అసలు వెంట్లే వద్దంటున్నారు. కప్పు అడుగున ఫోమ్ స్ప్రే కొట్టి అటకని పూర్తిగా మూసేస్తే ఇంకా మంచిదట. ఎవరి మాట వినాలి?

జవాబు: ఆయన చెప్పింది తప్పేమీ కాదు. అది వేరే పద్ధతి. ఇన్సులేషన్ సీలింగు మీద కాకుండా కప్పు వాలు అడుగునే వేసి, అటకని కూడా ఇంటి లోపలి భాగంగా చేసేయడం. ఏసీ గొట్టాలు అటకలో నడిచే ఇళ్లకి ఇదే నప్పుతుంది. ఉక్కపోత ఎక్కువగా ఉండే చోట వెంట్లలోంచి వచ్చే గాలే తేమగా ఉంటుంది, అది ఆ చల్లటి గొట్టాలకి తగిలి చెమట పట్టి కిందికి కారుతుంది, అలాంటి చోట మూసేయడమే నయం.

కాకపోతే సగం అది, సగం ఇది కుదరదు. ఫోమ్ కొట్టించాక చూరు వెంట్లు తెరిచి ఉంచితే పెట్టిన ఖర్చంతా గాలికి పోతుంది. ఫోమ్ మందం తక్కువైతే దాని లోపలి ముఖం మీదే చెమ్మ పడుతుంది. కప్పు ఎక్కడైనా కారితే ఫోమ్ దాన్ని దాచేస్తుంది, చెక్క మెత్తబడే దాకా తెలియదు. పైగా అటకలో గ్యాసు గీజరు లాంటివి ఉంటే వాటికి గాలి, పొగ గొట్టం విడిగా ఏర్పాటు చేయాలి. డబ్బు ఉండి, చేతి పనితనం బాగా ఉన్నవాళ్లు దొరికితే చేయించుకోండి. లేకపోతే చూరు, కొప్పు పద్ధతే. తప్పు జరిగినా అందులో కనిపిస్తుంది, సరిచేసుకోవచ్చు.

ప్రశ్న: అటకలో సామాన్లు పెట్టుకోవచ్చా? వైర్లు కూడా అందులోంచే పోతున్నాయి, ఏమైనా ప్రమాదమా?

జవాబు: గాలి ఆడని అటక ఎండలో 60 డిగ్రీలు దాటుతుంది. రంగు డబ్బాలు, థిన్నరు, బ్యాటరీలు, గ్యాసు సిలిండర్లు, సెంటు స్ప్రేలు అక్కడ పెట్టనే కూడదు. ఫోటోలు, సర్టిఫికెట్లు, కొవ్వొత్తులు కూడా వద్దు. స్టీలు సామాన్లు, ఇత్తడి బిందెలు అయితే నిక్షేపంగా పెట్టుకోండి, చూరు మూలలు మాత్రం వదిలేసి.

వైర్ల సంగతి చాలామంది పట్టించుకోరు. మామూలు పీవీసీ వైరు లోపలి రాగి 70 డిగ్రీలు దాటకూడదన్న లెక్కతో తయారవుతుంది. చుట్టూ 30 డిగ్రీలు ఉన్నప్పుడు ఎంత కరెంటు మోస్తుందో, చుట్టూ 60 ఉంటే అందులో సగమే మోయాలి. అంటే ఏసీకి వేసిన వైరు అటకలో ఉడుకుతూ, మళ్లీ దాని మీద ఇన్సులేషన్ కప్పేసి ఉంటే, సరిగ్గా ఏసీ ఎక్కువ తిరిగే మధ్యాహ్నమే దాని శక్తి తగ్గిపోయి ఉంటుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ ఒక్క లైను సైజు సరిపోతుందో లేదో చూడమనండి.

ఇవన్నీ చూడటానికి మీరే ఎక్కుతానంటే తెల్లవారుజామునే ఎక్కండి, మధ్యాహ్నం వద్దు. ముక్కుకి మాస్కు, చేతులకి గ్లోవ్సు వేసుకోండి, గ్లాస్‌వూల్ ఒళ్లంతా దురద పుట్టిస్తుంది. కాలు దూలాల మీదే వేయండి, మధ్యలో బోర్డు మీద వేస్తే తిన్నగా కింద గదిలోకి వచ్చేస్తారు. నిచ్చెన కింద ఇంకో మనిషిని నిలబెట్టుకోండి.